కరెంటు పాఠం మళ్లీ ఎందుకు?



“కరెంటు పాఠం ఇదివరకే అయిపోయింది కదా, మళ్లీ ఎందుకు?” అని చాలామంది అడుగుతుంటారు. పాఠం పేరు ఒకటే, మెట్టు వేరు.

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లో 7వ తరగతిలో సెల్, బల్బు, స్విచ్ కలిపి సర్క్యూట్ చేస్తారు. 8లో కరెంటుతో తీగ ఎందుకు వేడెక్కుతుందో, ఇస్త్రీపెట్టె ఎలా పనిచేస్తుందో తెలుసుకుంటారు. 10లో అదే కరెంటును ఓమ్ నియమంతో లెక్కిస్తారు. మన దగ్గర్లోని గని సోలార్ పార్కులో ప్యానెళ్లను కలపడానికీ ఈ లెక్కలే ఆధారం.

7లో బొమ్మను బట్టీ పడితే మార్కులొస్తాయి. 10లో లెక్క ముందుకు కదలదు. అప్పుడు ఇంకో ట్యూషన్ కన్నా, తప్పిపోయిన మెట్టును మళ్లీ నేర్పించడమే మేలు.

ఇంట్లో ఒక్క ప్రశ్న అడిగి చూడండి: “లైటు ఆపినా ఫ్యాను ఎందుకు తిరుగుతోంది?” 7వ తరగతి పిల్లలు రెండిటికీ వేర్వేరు దారులున్నాయంటే చాలు. 10వ తరగతి వాళ్లు ప్యారలల్ సర్క్యూట్ గీసి వివరించాలి. చెప్పలేకపోతే తిట్టకండి, డైరీలో మాకు రాయండి.