వృద్ధులైన మనవారిని ఎవరి యింట ఉంచుదుము?

చదువవలసిన వాక్యభాగములు: లూకా 10:30–35, యోహాను 19:25–27, 2 సమూయేలు 19:31–39, 1 తిమోతి 5:3–16



ఈ మాసపు పాఠమునకు మనము తీసికొనిన విషయము మన గుడులలో గొంతు తగ్గించి మాటలాడుకొనునది. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, గల్ఫు దేశములలోనో పని చేయుచున్నారు. ఇంటిలో ఒక్క ముసలి తల్లి మిగిలినది. లేదా తండ్రి పక్షవాతముతో మంచము పట్టినాడు. కోడలు కూలికి పోనిదే పూట గడవదు. ఆయనను ఎత్తి దింపుటకు మగదిక్కు లేదు. అప్పుడెవరో వచ్చి, పట్టణములో పదిమంది పెద్దలను ఒక ఇంటిలో ఉంచుకొని చూచు చిన్న గృహమొకటి ఉన్నదని చెప్పుదురు. ఆ మాట విన్ననాటినుండి ఆ కుటుంబమునకు నిద్ర పట్టదు. "కన్నవారిని ఆశ్రమములో పడవేసినారు" అని ఊరు అనునేమో యను భయము ఒక వైపు. ఈ రాత్రి ఆమె పడిపోయినచో ఎవరు చూతురను భయము మరియొక వైపు.

ఈ చిక్కు మన సంఘములకు మాత్రమే వచ్చినది కాదు. 2011 జనాభా లెక్కలనాటికే మన దేశములో అరువది యేండ్లు దాటినవారు పది కోట్లకు పైబడిరి. అయినను క్రైస్తవులమైన మనము దీనిని వాక్యపు వెలుగులో చూడవలసియున్నది.

పూటకూళ్లవాని యిల్లు

మంచి సమరయుని కథ మనకు చిన్ననాటినుండి తెలిసినదే. గాని ఆ కథలోని పూటకూళ్లవానిని మనము అంతగా తలంచము. సమరయుడు గాయపడినవానిని తన యింటికి తీసికొనిపోలేదు. డబ్బు తీసికొని మనుష్యులను ఉంచుకొను ఒకని యింట చేర్చెను. దీనికి ప్రభువు అతనిని తప్పుపట్టలేదు. అతనినే మనకు మాదిరిగా చూపెను.

అయితే అతడు చేసినదంతయు క్రమముగా చూడుడి. ముందు తన చేతులతోనే గాయములు కడిగి కట్టెను. ఆ రాత్రి తానును అక్కడనే ఉండి చూచుకొనెను. మరునాడు రెండు దేనారములు, అనగా కూలివాని రెండు దినముల సంపాదన, ఇచ్చెను. ఇంకను ఖర్చయినచో తానే ఇత్తునని ఒప్పుకొనెను. అన్నిటికంటె ముఖ్యముగా, మరల వచ్చెదనని చెప్పి వెళ్లెను. ఒప్పగించుట వేరు, వదలివేయుట వేరు. ఆ రెంటికి నడుమనున్న గీత ఈ తిరిగి వచ్చుటయే.

మన ప్రభువు సిలువమీద ఉండి తన తల్లిని చూచుకొనలేని గడియలో ఆమెను ఒక శిష్యునికి అప్పగించెను. ఎవరో ఒకరు చూతురులే యని ఊరకుండలేదు. ఎదుట నిలిచియున్న ఫలానివానికి, ఆమె వినుచుండగా, అప్పగించెను. దేవునికి అర్పించితిమను సాకుతో తలిదండ్రులను విడిచినవారిని ఆయన ఎంత కఠినముగా గద్దించెనో మార్కు 7వ అధ్యాయములో చదువుదుము. కనుక వేరొకరి యింట ఉంచుట దానంతట అది పాపము కాదు. నెలనెల డబ్బు పంపినంతమాత్రమున మన బాధ్యత తీరిపోదు.

మా యింట జరిగినది

దీనినిగూర్చి మేము పైనుండి బోధింపలేము, మేమును తప్పిపోయినవారమే.

మా పెద్దమ్మగారికి సంతానము లేదు. మా తల్లి ప్రభువునొద్దకు వెళ్లిన తరువాత మమ్మును పెంచినది ఆమెయే. నలువది సంవత్సరములు సండేస్కూలు నడిపెను. 2021లో ఆమెకు మరపు మొదలాయెను. పొయ్యిమీద ఎసరు పెట్టి మరచిపోవుచుండెను. ఒక రాత్రి గుడి గంట కొట్టిరని చెప్పి తలుపు తీసికొని చీకటిలో బయలుదేరెను. తెల్లవారుజామున పాలవాడు చెరువు గట్టుమీద చూచి తీసికొనివచ్చెను. రెండు సంవత్సరములు వంతులు వేసికొని చూచితిమి. 2023లో ఆమె స్నానపు గదిలో జారిపడి తుంటి యెముక విరుగగా, ఇక మా వలన కాలేదు.

రెండు గృహములు చూచితిమి. మొదటిదానికి పెద్ద గేటు, పూలకుండీలు, చల్లని కూర్చుండు గది ఉండెను. గదులు చూపుడనగా, ఇది విశ్రాంతి వేళ యని రెండుసార్లు చెప్పిరి. రెండవది పట్టణపు వీధిలోని మామూలు ఇల్లు, పదునొకండుగురు పెద్దలు. మేము వెళ్లినప్పుడు భోజనవేళ. అక్కడి ఆయా, "ఈ అవ్వకు పళ్లు లేవు, జావ చల్లారాక ఇవ్వాలి, ఆ తాతకు ఎడమ చెవిలోనే చెప్పాలి" అనుచు అందరి సంగతి వేళ్లమీద చెప్పెను. ఆ యింటినే ఏర్పరచుకొంటిమి. ఆ ఏర్పాటునుబట్టి నేటికిని మాకు విచారము లేదు.

మా తప్పు మరియొక చోట ఉన్నది. ఆమెతో నిజము చెప్పుటకు ధైర్యము చాలక, "ఆసుపత్రికి పోదము, నాలుగు రోజులలో వచ్చెదము" అంటిమి. ఆమె రెండు చీరెలు, బైబిలు సర్దుకొని, ఇంటి తాళపుచెవి కొంగున ముడివేసికొని వచ్చెను. అటుపిమ్మట ప్రతి ఉదయము, డాక్టరు ఎప్పుడు పంపునని అడుగుచుండెను. అయిదవ వారమున ఆయా ఫోను చేసి ఆమె మాట చెప్పెను: "నా పిల్లలు అబద్ధమాడరు. ఏదో పని తగిలి ఉంటుంది."

సహోదరులారా, ఆ మాట విన్న దినమున మా యింటిలో ఎవరమును అన్నము ముట్టలేదు. ఆమె ఎటులను మరచిపోవును గదా యని మేము సాకు చెప్పుకొంటిమి. ఆమె మాటలు మరచినది గాని, దిగులు మరువలేదు. మరునాడు వెళ్లి, చేతులు పట్టుకొని, నిజము చెప్పి క్షమింపుమంటిమి. ఆమె ఏడ్చెను. తాళపుచెవి మాత్రము ఇయ్యనన్నది. అది ఇప్పటికిని ఆమెయొద్దనే ఉన్నది.

ఒక రాజు ఒక ముసలివానిని అడిగిన విధము

అప్పుడు మేము బర్జిల్లయి కథను క్రొత్తగా చదివితిమి. దావీదు అబ్షాలోమునకు భయపడి పారిపోయిన దినములలో పడకలును ఆహారమును తెచ్చి ఆదుకొనినవారిలో ఈ గిలాదీయుడు ఒకడు. రాజు తిరిగి వచ్చునప్పుడు ఈయనను యెరూషలేమునకు రమ్మని, తానే పోషించెదనని పిలిచెను. అంతకంటె మంచి ఉద్దేశ్యము ఏమున్నది? అయితే ఎనుబది యేండ్ల ఆ పెద్ద ఒప్పుకొనలేదు. తినునదాని రుచి తెలియదనియు, పాటలు వినబడవనియు, రాజునకు భారమగుదుననియు చెప్పి, తన తలిదండ్రుల సమాధి యున్న ఊరిలోనే చనిపోవుదుననెను. దావీదు బలవంతము చేయలేదు. ఆయనను ముద్దుపెట్టుకొని దీవించి పంపెను. చనిపోవుకాలమున సయితము ఆ యింటివారిని మరువలేదని 1 రాజులు 2:7 చెప్పుచున్నది.

రాజు అడిగెను, విని ఊరకొనెను, ఆయన కాదన్నను ప్రేమ తగ్గింపలేదు. రాజే ఒక ముసలివానిని ఇట్లు గౌరవించినప్పుడు, వారి చేతి అన్నము తిని పెరిగిన మనము వారిని అడుగకయే మూట కట్టవచ్చునా? మరపు వచ్చినవారు అన్ని సంగతులు తేల్చుకొనలేకపోవచ్చును. అయినను కిటికీ ప్రక్క మంచమా, గోడ ప్రక్క మంచమా, ఏ దుప్పటి, ఏ పటము తెచ్చుకొందురు అని అడిగిన, వారు చెప్పగలరు.

పంపుటకు ముందు

మొదట వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. మరపు, కలవరము అన్నియు ముసలితనమువలన వచ్చినవే కావు. థైరాయిడు లోపము, బి12 విటమిను లోపము, రక్తములో సోడియము తగ్గుట, మూత్రమునకు సంబంధించిన చీము వ్యాధి, మనోవ్యాకులత, చెవుడు, కంటిలో శుక్లములు, సరిపడని మందులు కూడ మనిషిని తికమక పెట్టును. వీటిలో అనేకములకు చికిత్స ఉన్నది. ఒక శస్త్రచికిత్సతో చూపు వచ్చిన పెద్ద ఇంటిలోనే సుఖముగా ఉండవచ్చును.

తరువాత, స్నానము, బట్టలు, నడక, మరుగుదొడ్డి, భోజనము, మందులు వీటిలో వారు ఏవి స్వయముగా చేసికొందురు, దేనికి చేయూత కావలెను అను సంగతి కాగితముమీద వ్రాసికొనుడి. అది చూచినప్పుడు పొరుగు స్త్రీ పూటకొక గంట వచ్చినచో చాలునా, లేక రాత్రింబగళ్లు మనిషి కావలెనా యనునది తేలును.

ఇల్లు చూడబోవునప్పుడు

1. రెండుసార్లు వెళ్లుడి. ఒకసారి చెప్పి, ఒకసారి చెప్పకుండ భోజనవేళనో, చీకటి పడినప్పుడో. గదులు చూపనిచోట చేర్పవద్దు.

2. చిన్న ఇంటిలో పనివారు అందరిని పేరుపేరున ఎరుగుదురు, అది మేలు. అయితే ఒక్క మనిషి సెలవు పెట్టినచో ఆ రాత్రి దిక్కుండదు. రాత్రివేళ ఎవరు మేల్కొనియుందురు, ఆయా రానినాడు ఎవరు వత్తురు అని అడుగుడి.

3. స్నానపు గది నేల జారుచున్నదా? పట్టుకొనుటకు గోడకు కడ్డీ, కూర్చుండుటకు కమోడు ఉన్నవా? మంచము ప్రక్క చేతికందు దూరమున మంచినీళ్లున్నవా?

4. మంచము పట్టినవారిని ఎన్ని గంటలకు ఒకసారి ప్రక్కకు త్రిప్పుచున్నారు? సుమారు రెండు గంటలకొకసారి త్రిప్పనియెడల పడకపుండ్లు పుట్టును. ఎవరినైనను మంచమునకు కట్టివేసినట్లు కనబడినయెడల తిరిగి వచ్చివేయుడి.

5. మందులు ఇచ్చినట్లు పుస్తకములో వ్రాయుచున్నారా? వైద్యుడు ఎప్పుడెప్పుడు వచ్చును? అర్ధరాత్రి ఆయాసము వచ్చినచో ఏ ఆసుపత్రికి, ఏ బండిలో తీసికొనిపోదురు?

6. అడ్వాన్సు ఎంత, నెలకెంత, డైపర్లు మందులు వేరా, మధ్యలో తీసికొనిపోయినను, మరణించినను మిగిలినది తిరిగి ఇత్తురా? జబ్బు ముదిరినచో ఉంచుకొందురా? ఇవన్నియు కాగితముమీద ఉండవలెను. కట్టిన ప్రతి రూపాయికి రసీదు తీసికొనవలెను. ఏ అనుమతితో నడుపుచున్నారో ఆ పత్రమును చూపుమని అడుగుటకు సిగ్గుపడవద్దు.

7. పాస్టరుగారు వచ్చి ప్రార్థించి, ప్రభువు బల్లలో పాలు ఇచ్చుటకు ఒప్పుకొందురా? తుదిశ్వాస విడిచినచో మొదట ఎవరికి కబురు చేయుదురు? మన ఊరి సమాధుల తోటకు ఎట్లు తీసికొనిరావలెను? బర్జిల్లయి మనసులోని మాట అనేకుల మనసులోను ఉన్నది. ఈ ప్రశ్నను వాయిదా వేయవద్దు.

ఆస్తి, చట్టము

2007లో వచ్చిన తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము ప్రకారము, తమ్మును తాము పోషించుకొనలేని పెద్దలు తమ పిల్లలనుండి పోషణ కోరవచ్చును. సంతానము లేనివారి ఆస్తిని అనుభవించుచున్న, లేక వారసత్వముగా పొందబోవు, స్తోమత గల బంధువునకును ఆ బాధ్యత ఉన్నది. మన రాష్ట్రములలో ఆర్.డి.ఓ.గారి కార్యాలయములో దీనికై అర్జీ ఇయ్యవచ్చును. చూచుకొందునను షరతుమీద ఆస్తి వ్రాయించుకొని ఆ తరువాత చూడనివారి దస్తావేజు రద్దు చేయుటకు 23వ సెక్షను వీలు కల్పించినది. గనుక ఆ షరతును దస్తావేజులోనే వ్రాయింపవలెను. వృద్ధులను దిక్కులేకుండ విడిచినవారికి మూడు నెలలవరకు జైలో, అయిదువేల రూపాయలవరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును. సలహా కావలసిన పెద్దలు 14567 నంబరునకు ఉచితముగా ఫోను చేయవచ్చును. ఏ గృహమువారైనను పొలము తమ పేర వ్రాయుమన్నచో, అచ్చటినుండి లేచి రావలెను.

సంఘము చేయవలసినది

పౌలు తిమోతికి వ్రాసినప్పుడు పోషణ భారము మొదట ఇంటివారిదని చెప్పెను. ఎవరును లేని విధవరాండ్రను సంఘమునకు అప్పగించెను. మన సంఘములలో పట్టణపు గృహములందున్న పెద్దల పేర్లు ఒక పట్టికగా వ్రాసి, స్త్రీల సమాజమును యౌవనులును వంతులు వేసికొని వెళ్లి చూచిరావలెను. చూడవచ్చువారున్న పెద్దలను పనివారును జాగ్రత్తగా చూతురు. ఇంటిలోనే ఉంచుకొని చాకిరి చేయుచున్న కోడలికి నెలకొక దినమైనను సంఘము విశ్రాంతి కలుగజేయవలెను. అట్లు చేసినచో కొందరిని పంపవలసిన పనియే ఉండదు.

మేము నెలకు రెండుసార్లు పెద్దమ్మగారియొద్దకు వెళ్లుచున్నాము. ఇప్పుడామె మా పేర్లు చెప్పలేదు. వెళ్లిన ప్రతిసారి మా ముఖములు చూచి, "అన్నం తిన్నారా?" అని మాత్రము అడుగును. తిన్నను తినలేదనియే చెప్పి, ఆమె ప్రక్కన కూర్చుండి తినవలెనని మాకు అనిపించును. అయితే ఆమెతో ఇక అబద్ధమాడమని ఒట్టు పెట్టుకొంటిమి గనుక, తినకుండనే వెళ్లుచున్నాము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. సమరయుడు చేసిన పనులలో మనము దేనిని చేయుచున్నాము, దేనిని విడిచితిమి?
2. మన ఇంటి పెద్దలకు ఏమి కావలెనో వారినే ఎప్పుడు అడిగితిమి?
3. మన సంఘమునుండి వెళ్లి వేరొకచోట ఉన్న పెద్దలు ఎందరు? వారిని ఎవరు చూచివచ్చిరి?

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, మమ్మును ఎత్తి పెంచిన చేతులు ఇప్పుడు వణకుచున్నవి. వాటిని పట్టుకొనుటకు మాకు ఓర్పు దయచేయుము. మేము చేయలేనిది ఇతరులకు ఒప్పగించునప్పుడు నిజము చెప్పు ధైర్యమును, మరల వెళ్లు నమ్మకమును ఇమ్ము. తలుపువైపు చూచుచు కూర్చున్న పెద్దలందరికి నీవు తోడుగా ఉండుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.