టీకి పిలిస్తే భోజనం: హాంకాంగ్ డిమ్ సమ్

హాంకాంగ్‌లో ఎవరైనా “యమ్ చా”కి రమ్మంటే ఒట్టి టీయే కదా అని కడుపు నింపుకుని వెళ్ళకండి. ఆ మాటకు అర్థం టీ తాగడమే. కాని దానితో వచ్చే డిమ్ సమ్ అనే చిరుతిళ్ళే అక్కడ అసలు భోజనం. అయినా పెద్దపీట టీదే. 1933లో మొదలైన లుక్ యూ టీ హౌస్ పేరు కూడా, తాంగ్ వంశ కాలంలో టీపై గ్రంథం రాసిన లూ యూదే.

కూర్చోగానే ఏ టీ అని అడుగుతారు. ఎవరైనా మన కప్పులో పోస్తే రెండు వేళ్ళతో బల్లమీద తట్టాలి, అదే కృతజ్ఞత. కూజా ఖాళీ అయితే మూత పక్కకు జరిపి ఉంచాలి. కేక వేయనక్కరలేదు.

ఇక వెదురు బుట్టలు. వంటవాడి పనితనం తేలేది హార్ గావ్ దగ్గర. గోధుమ గంజిపొడితో చేసే పల్చని పొరలోంచి లోపలి రొయ్య గులాబీరంగులో కనబడాలి; పొర మాత్రం చిరగకూడదు. శాకాహారులు పేరు చూసి మోసపోకూడదు సుమా! ముల్లంగి అట్టులో సైతం ఎండురొయ్యలు తగులుతాయి.

పూర్వం ఈ బుట్టలను బండ్లపై తోసుకుంటూ, పేర్లు కేకవేస్తూ వచ్చేవారు. కావలసింది తీసుకుంటే కార్డుపై ముద్ర వేసేవారు. ఇప్పుడు బండ్లు కొద్దిచోట్లే మిగిలాయి. చాలాచోట్ల కాగితంపై గుర్తులు పెట్టి ఇవ్వాలి. అలాగైతే వేడివేడిగా వస్తుంది, నిజమే. కాని చీనా అక్షరం రాని కొత్తవాడికి బండే మేలు. మూత తీసి చూపిస్తారు, వేలు చూపితే చాలు. పక్క బల్ల తాతగారు దేనికోసం మెడ చాపుతున్నారో కూడా తెలిసిపోతుంది.