అమ్మ ముఖం అమ్మదేనా?

ప్రశ్న: మా అమ్మ 1984లో పోయింది. అప్పుడు నాకు ఆరేళ్ళు, ఆమె ముఖం గుర్తులేదు. మిగిలింది ఒక్క నలుపు తెలుపు ఫోటో, అదీ ఎవరిదో పెళ్ళిలో తీసిన గ్రూపు ఫోటో. అమ్మ వెనక వరసలో ఉంది. మా అమ్మాయి పెళ్ళి మంటపంలో పెడదామని మా అబ్బాయి ఆ ముఖాన్ని ఏఐతో పెద్దది చేసి, రంగులు వేయించాడు. చూసి ఏడ్చేశాను. మా అన్నయ్య నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. "ఈవిడెవరో గానీ మన అమ్మ కాదు" అంటున్నాడు. ఆ పటం పెట్టనా, మాననా?
ఒక సోదరి, తెనాలి

జవాబు: పెట్టకండమ్మా. మీ అన్నయ్య మాట కటువుగా ఉన్నా నిజం.

వెనక వరసలో మనిషి ముఖం కందిగింజంత ఉంటుంది. అందులో కనురెప్పలు, పెదవి అంచు, చెంప మీది మచ్చ అసలు నమోదే కాలేదు. లేనిదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వెలికితీయలేదు. తాను నేర్చుకున్న లెక్కలేనన్ని ముఖాలను బట్టి, ఇక్కడ కన్ను ఇలా ఉండొచ్చు, ముక్కు ఇలా ఉండొచ్చు అని ఊహించి నింపుతుంది. రంగులదీ అదే కథ. నలుపు తెలుపు ఫోటోలో ఎర్రచీరా పచ్చచీరా ఒకే బూడిదరంగులో పడొచ్చు. అది ఏ చీరో మీ పెద్దమ్మకో మేనత్తకో గుర్తుండొచ్చు గానీ, ఫోన్‌కు తెలిసే దారి లేదు.

నా భయం మీ గురించే. అన్నయ్య మనసులో అమ్మ ముఖం ఉంది, కనుక ఈ బొమ్మ ఆయన్ను ఏమీ చేయలేదు. మీకు ఆ చోటు ఖాళీ. రోజూ చూస్తూ ఉంటే ఆ ఊహాముఖమే అమ్మగా కుదురుకుంటుంది. మీ పిల్లలకైతే వేరే అమ్మమ్మే ఉండదు.

అబ్బాయిని కోప్పడకండి, ప్రేమతో చేశాడు. ఇప్పుడు ఆ అసలు ఫోటోను మంచి స్టూడియోలో 600 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేయించండి. దుమ్ము, గీతలు, మడత చారలు తీయించండి, ముఖాన్ని మాత్రం ముట్టుకోవద్దనండి. అసలు ప్రింటుకు లామినేషన్ చేయించకండి, పాడవుతుంది. మంటపంలో ఆ గ్రూపు ఫోటోనే పెద్దది చేసి పెట్టండి, మసకగా ఉన్నా సరే. ఆ పెళ్ళివారి ఇంట్లో ఆల్బమ్ ఉందేమో, పుట్టింటి వైపు వాళ్ళ ట్రంకుపెట్టెల్లో ఇంకో ఫోటో ఉందేమో అడిగి చూడండి. నిండైన రూపమే కావాలనిపిస్తే, అన్నయ్యనూ పెద్దమ్మనూ పక్కన కూర్చోబెట్టుకుని ఒక చిత్రకారుడి చేత గీయించండి. గీసిన బొమ్మను ఎవరూ ఫోటో అని పొరబడరు. ఏఐ బొమ్మను దాచుకుంటానంటే, వెనక ఆ సంగతి రాసి దాచుకోండి.

ప్రశ్న: మా చెల్లికి సంబంధాలు చూస్తున్నాం. "ఫోటోలో రంగు కాస్త తేల్చండి, ఏఐతో నిమిషం పని" అంటున్నారు మధ్యవర్తి. అందరూ చేస్తున్నదే కదా?
ఖమ్మం నుంచి ఒక అన్న

జవాబు: అందరూ చేసినా మీరు చేయకండి. పెళ్ళిచూపుల్లో వాళ్ళ ఎదుట కూర్చునేది మీ చెల్లెలు. చీకటిగా పడిన ఫోటోలో వెలుతురు పెంచుకోవచ్చు, అది కెమెరా లోపం. చామనఛాయ లోపం కాదు. ఆ రంగును చెరిపి పంపితే "నువ్వు ఇలా ఉంటే చాలవు" అని సొంత అన్నే చెల్లెలికి చెప్పినట్టు. ఆ మాట ఆమెకు జీవితాంతం గుర్తుంటుంది. రంగు చూసి వెనక్కి పోయే సంబంధం ఫోటో దగ్గరే పోతే మీకు మేలు. పొద్దున పూట కిటికీ పక్కన నిలబెట్టి కొత్త ఫోటో తీయండి. ఏది పంపాలో ఆమెనే ఎంచుకోనివ్వండి.

ప్రశ్న: మా రెండు నెలల బాబుకు అమెరికా పాస్‌పోర్టు తీసుకోవాలి. ఫోటోలో వెనక గోడ మరకలుగా పడింది. ఏఐతో తెల్లగా మార్చవచ్చా?
డాలస్ నుంచి ఒక తల్లి

జవాబు: మార్చకూడదు. సాఫ్ట్‌వేర్‌తో, ఫిల్టర్లతో, ఏఐతో మార్చిన ఫోటోలు పనికిరావని అక్కడి విదేశాంగ శాఖ నిబంధనల్లోనే ఉంది. బాబును మంచం మీద తెల్ల దుప్పటి పరిచి పడుకోబెట్టి, పైనుంచి తీయండి. ముఖం మీద నీడ పడకుండా చూడండి.