పశువుల మందు ఇంటిలో దాచవచ్చునా?

వానలకు దారి తెగునను భయముతో కొందరు రైతులు పెన్సిలిన్, ఆక్సిటెట్రాసైక్లిన్ సూదిమందులను ముందే కొని అటక మీద దాచుచున్నారు. ఆ భయము ఉత్తది కాదు. గొంతువాపు సోకిన గేదె ఒకటి రెండు దినములలోనే చనిపోవచ్చును. పాడి పోయిన ఇంటికి జీవనమే పోయినట్లు. అయినను మందు దాచుట తగిన ఉపాయము కాదు.

కారణములు:
1. గాలికుంటు వైరస్ వలన వచ్చును. వైరస్‌పై ఈ మందులు పనిచేయవు.
2. ఎండవేడికి మందు చెడును.
3. మోతాదు తగ్గినచో క్రిములు చావక మందును తట్టుకొన నేర్చును. పెన్సిలిన్‌ను కనుగొన్న ఫ్లెమింగ్ 1945లోనే ఈ ముప్పును హెచ్చరించెను. మనుష్యులకు ప్రాణావసరమైన కోలిస్టిన్‌ను ఆహారమునకై పెంచు పశువులకు, కోళ్లకు వాడరాదని కేంద్ర ప్రభుత్వము 2019లో నిషేధించినది.

చేయవలసినవి:
1. తొలకరికి ముందే గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయించవలెను. గ్రామాధికారులు టీకా దినమును ముందుగా చాటించవలెను.
2. జబ్బు కనబడగానే పశువైద్యునకు గాని, 1962 నంబరుకు గాని ఫోను చేయవలెను.
3. వైద్యుడు వ్రాసిన మందునే గడువు తేదీ చూచి కొని, సీసాపై చెప్పిన చల్లదనమున, పిల్లలకు అందకుండ ఉంచి, చెప్పినన్ని దినములు పూర్తిగా వాడవలెను.
4. వైద్యుడు చెప్పిన గడువు తీరువరకు ఆ పశువు పాలు త్రాగరాదు, అమ్మరాదు.

అటక మీది సీసాకంటె వేళకు వేయించిన టీకాయే పశువుకు కాపు.