మేత చెక్క: బస్తా ధరా? ప్రోటీన్ ధరా?

నరసరావుపేట: పత్తిగింజల నుంచి నూనె తీయగా మిగిలిన చెక్కకు పాడి రైతులే కాదు, కొల్లేటి చుట్టుపట్ల చేపల రైతులు కూడా గిరాకీదారులే. కైకలూరు, ఆకివీడు ప్రాంతాల్లో బొచ్చె, శీలావతి చేపలకు నూనె తీసిన తవుడుతో పత్తి చెక్క, వేరుశనగ చెక్క కలిపి, చిల్లుల సంచుల్లో నింపి చెరువులో కడతారు. ఆ రైతు కొనేది బస్తాను కాదు, అందులోని మాంసకృత్తులను, అంటే ప్రోటీన్‌ను.

సుమారుగా చూస్తే నూనె తీసిన తవుడులో 14-16 శాతం, పొట్టు తీయని పత్తి చెక్కలో 22, పొట్టు తీసినదానిలో 40, వేరుశనగ చెక్కలో 40-45, సోయా చెక్కలో 44-48 శాతం ప్రోటీన్ ఉంటుంది. ఈ చేపల మేతలో 25-30 శాతం, వనామీ రొయ్యల మేతలో 35 శాతం వరకు అవసరం.

లెక్క కోసం మాత్రమే ధరలు అనుకుందాం. 22 శాతం చెక్క క్వింటాలు రూ. 3,300 అయితే కిలో ప్రోటీన్ రూ. 150 పడుతుంది. 40 శాతం చెక్క క్వింటాలు రూ. 5,200 అయినా కిలో ప్రోటీన్ రూ. 130 మాత్రమే. చవక అనుకున్నదే ప్రియం.

అయితే శాతం చూసి మోసపోయే వీలు కూడా ఉన్నది. ప్రయోగశాలలో సాధారణంగా కొలిచేది నత్రజని. దానిని 6.25తో హెచ్చవేసి ప్రోటీన్ అంటారు. యూరియాలో 46 శాతం నత్రజని ఉన్నందున, క్వింటాలు సరుకులో ఒక కిలో యూరియా కలిపితే కాగితం మీద ప్రోటీన్ సుమారు రెండున్నర శాతం పెరుగుతుంది. పశువు తన పొట్టలోని సూక్ష్మజీవుల సాయంతో యూరియాను కొంతవరకు వాడుకోగలదు. చేపకు ఆ వీలు లేదు.

సరుకులోనూ హద్దులున్నవి. పత్తి చెక్కలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది, లైసిన్ తక్కువ. కనుక మోతాదు మించరాదు. తడిసిన వేరుశనగ చెక్కలో బూజు వల్ల అఫ్లటాక్సిన్ చేరుతుంది. ప్రోటీన్ అవసరానికి మించినా నష్టమే. వాడుకోని నత్రజని అమోనియాగా మారి చెరువు నీటిని పాడు చేస్తుంది.

కాబట్టి సౌదా కాగితంలో ప్రోటీన్ శాతం, తేమ శాతం, విడిగా యూరియా పరీక్ష, ఈ మూడూ వ్రాయించుకోవడం మేలు. ఒక కిలో యూరియా లాభానికి ఆశపడితే లారీ సరుకు వెనక్కి రావచ్చు, గిరాకీదారు మళ్ళీ రాకపోవచ్చు.