పరిసర విజ్ఞానము

మదనపల్లె సీమలో పూర్వము బావి లోతును బారలతో చెప్పుకొనెడివారు. బావికి కపిల కట్టి, ఎద్దులచేత నీరు తోడించి, మడులకు పాఱించెడివారు. మోకు ఎంత పొడవు కావలసివచ్చినదో దానినిబట్టి ఆ యేటి వాన సంగతి తెలిసెడిది. నేడు ఆ బావులలో పెక్కు ఎండిపోయినవి. వాని స్థానమున బోరుబావులు వచ్చినవి. వేయి అడుగుల లోతు దాటినవియు వానిలో కలవు. టమాటా పంటకు పేరుపొందిన ఈ నేలలో రైతు అప్పుచేసి బోరు వేయించును. నీరు పడినచో పంట దక్కును. పడనిచో అప్పు మిగులును.

ఈ నీరు ఎచ్చటికి పోయినది? ప్రశ్న చిన్నదే. జవాబు చెప్పవలసినవారు మాత్రము పలువురు. క్రింద నున్నది గట్టిరాయి యనియు, నీరు పైనున్న శిథిలమైన పొరలోను రాతి పగుళ్లలోను మాత్రమే నిలుచుననియు భూగర్భ శాస్త్రజ్ఞుడు చెప్పును. కొండమీది చెట్లు నఱికినచో వాన నీరు ఇంకక పరుగెత్తిపోవునని వృక్షశాస్త్రజ్ఞుడు చెప్పును. గొలుసుకట్టు చెఱువులలో పేరుకొన్న పూడికను ఇంజనీరు చూపును. అంగడి ధరలను గూర్చి అర్థశాస్త్రవేత్తయు, భూమిలోని నీరు ఎవరి సొత్తన్న వివాదమును గూర్చి న్యాయవాదియు మాటలాడుదురు. ప్రతివాని మాటయు సత్యమే; ఏ యొక్కని మాటయు చాలదు. ఇందఱి విద్యలను ఒక్క గదిలోనికి చేర్చునదే పరిసర విజ్ఞానము. దీనినే పర్యావరణ శాస్త్రమనియు అందురు.

మన విశ్వవిద్యాలయములలో ఈ శాస్త్రము మిక్కిలి పాతది కాదు. 1972లో స్టాక్‌హోమ్ నగరమున ఐక్యరాజ్య సమితి పరిసరములను గూర్చి మహాసభ జరిపెను. ఆ దశకములోనే ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున ఈ శాస్త్రమునకు ప్రత్యేక శాఖ ఏర్పడెను. 1984 డిసెంబరులో భోపాలులో విషవాయువు వేలమందిని బలిగొన్నది. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము వచ్చినది. 1991లో సుప్రీంకోర్టు ఈ విషయమును పాఠశాలలలోను, కళాశాలలలోను బోధింపవలెనని ఆదేశించినది.

మదనపల్లె దాపునగల యొక పల్లెనుండి రైతుబిడ్డ యొకతె ఈ చదువునకై హైదరాబాదునకు బయలుదేరినదనుకొందము. ఆమె తాత తప్పక అడుగును: “నేలను, నీటిని గూర్చి నేర్చుకొనుటకు పట్టణమెందుకమ్మా? అవి యిచ్చటనే యున్నవి గదా!”

ముసలివాని మాటలో సగము న్యాయమున్నది. కాని హైదరాబాదు వంటి నగరము ఈ శాస్త్రమునకు పెద్ద ప్రయోగశాల. మనుష్యులు చేసిన తెలివైన పనులును, తప్పులును అచ్చట ప్రక్కప్రక్కనే కనబడును. 1908 సెప్టెంబరులో మూసీ నది పొంగి వేలమందిని పొట్టనబెట్టుకొన్నది. పిమ్మట విశ్వేశ్వరయ్యగారి సలహాతో నగరమునకు ఎగువన రెండు జలాశయములు నిర్మింపబడినవి. ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. వరదను ఆపు కట్టలే త్రాగునీటిని ఇచ్చినవి. అయితే కట్టను కాపాడినంతనే చెఱువు నిలువదు. నీరు ఎచ్చట పడి పాఱివచ్చునో ఆ నేలనంతయు కాపాడవలెను. అందుచేత 1996లో ప్రభుత్వము 111 సంఖ్యగల ఉత్తర్వుచే ఆ జలాశయములకు పది కిలోమీటర్ల లోపల కాలుష్యకరమైన పరిశ్రమలను నిషేధించెను.

ఆ హద్దులోపల ఒక నూనె కర్మాగారము పెట్టబోగా తగవు సుప్రీంకోర్టు దాక పోయినది. 1999లో న్యాయమూర్తి జగన్నాథరావుగారు వ్రాసిన తీర్పు నేటికిని పాఠముగా చదువబడుచున్నది. హాని జరుగునని ప్రజలు రుజువు చేయుట కాదు, జరుగదని కర్మాగారమువారే రుజువు చేయవలెనన్నది అందలి సూత్రము. 2000లో కోర్టు ఆ కర్మాగారమునకు అనుమతి నిరాకరించినది. 2022లో ప్రభుత్వము ఆ ఉత్తర్వును సడలింపబూనగా వాదములు మరల రేగినవి.

నగరపు మఱియొక దిక్కున పటాన్‌చెరు కలదు. అచ్చట మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేసి విడుచు నీటిని స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితములు ప్రకటించిరి. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు 31 మిల్లీగ్రాముల వఱకు కనబడినది. ఆ మందు మ్రింగిన రోగి రక్తములోనైనను అంత యుండదు. అట్టి నీటిలో బ్రదుకనేర్చిన సూక్ష్మజీవులు మందునకు లొంగని మొండివగును.

ఆ మందు కంటికి కనబడలేదు. అందుచేతనే ఈ చదువులో కొలతకు పెద్దపీట. సీసాను ఆ నీటితోనే మూడుమార్లు కడిగి, నింపి, చోటు, తేది, వేళ వ్రాసి, మంచులో నుంచి తేవలెను. మురుగు నీటిలోని ప్రాణవాయువును సూక్ష్మజీవులు ఎంత వాడుకొనునో కొలుచు పరీక్ష యొకటి కలదు. ఇంగ్లండులో రూపొందిన పద్ధతిలో దానికి 20 డిగ్రీల వేడిలో ఐదు రోజులు పట్టును. మన వేడి దేశమున 27 డిగ్రీలలో మూడు రోజులు చాలునని నిర్ణయించిరి. తొందరపడు విద్యార్థికి ఆ సీసా లొంగదు.

ఇక తాత మాటలోని సగము న్యాయము. మదనపల్లెకు కొలదిదూరమున రిషివ్యాలీ యున్నది. 1926లో అచ్చట పాఠశాల స్థాపించిన జిడ్డు కృష్ణమూర్తిగారు మదనపల్లెలోనే జన్మించిరి. బోడికొండల నడిమి ఆ లోయలో ఏండ్ల తరబడి మొక్కలు నాటి, మేతను అరికట్టి, వాన నీటిని నిలిపిరి. చెట్ల వెంట పక్షులు వచ్చినవి. 1991లో ఆ లోయ పక్షుల రక్షిత స్థలమైనది. కుప్పము, పలమనేరు ప్రాంతపు అడవులకు 1980 తరువాత తమిళనాడునుండి ఏనుగులు వచ్చి స్థిరపడగా, 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడెను. ఏనుగుకు అడవి కావలెను, రైతుకు చెఱకు కావలెను. ఈ చిక్కు ఏ నగరపు గదిలోను విడిపోలేదు.

సెలవులలో ఇంటికి వచ్చిన ఆ బాలిక బోరునీటిని సీసాలో పట్టుచుండగా తాత చూచి, “తేటగానే ఉన్నవి గదే!” అనును. తేటనీటిలోనే ఫ్లోరైడు దాగియుండును. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటినచో పండ్లను, ఎముకలను చెఱచును. ఆమె సీసాకు కాగితమంటించి తేది వ్రాసి, “తాతా, ఈ బోరు ఎన్ని అడుగులు?” అని అడుగును. అప్పు చేసి వేయించినవాడు గనుక ముసలివాడు తడుముకొనక చెప్పును. ఆమె ఆ సంఖ్యను తేది క్రింద వ్రాసికొనును.