తొమ్మిది చేల సగటు ఊరి పంటకు సాక్ష్యమగునా?

చిత్తూరు, తిరుపతి జిల్లాల మెట్ట చేలలో వేరుసెనగ వానను నమ్ముకొన్న పంట. వాన తప్పిన ఏట "దిగుబడి పడిపోయినది" అను మాట గ్రామసభలో వచ్చును. ఆ మాటకు కొలత కావలెను.

ఊరిలోని ప్రతి చేని పంటను తూచుట సాధ్యము కాదు. కావున కొన్ని చేలను చీట్లు తీసి ఎన్నుకొని, ఒక్కొక్క చేనిలో ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు గల చదరమును గుర్తించి, అందలి కాయలను ఎండబెట్టి తూచుదురు. ఇదియే పంటకోత ప్రయోగము. 1940 దశకమున మహలనోబిస్, సుఖాత్మే గారలు మన దేశములో దీనికి శాస్త్రీయ రూపమిచ్చిరి.

ఒక ఉదాహరణము చూతము. మామూలు ఏట చదరమునకు 3 కిలోలు, అనగా హెక్టారునకు 1,200 కిలోలు, పండుననుకొందము. ఈ ఏట తొమ్మిది చేల సగటు 2.6 కిలోలు. ఈ 0.4 కిలో తగ్గుదల నిజమైన నష్టమా? లేక చీట్లలో బలహీనపు చేలు పడుటచే కలిగిన తేడాయా?

సాక్ష్యము విననిదే తగవులో తప్పు మోపము గదా! అట్లే మొదట "దిగుబడి తగ్గలేదు" అని అనుకొనవలెను. దీనికి శూన్య పరికల్పన అని పేరు. చేనికి చేనికి గల హెచ్చుతగ్గును తెలుపు ప్రామాణిక విచలనము 0.9 కిలో అనుకొందము. దానిని తొమ్మిదికి వర్గమూలమగు 3 చే భాగింపగా 0.3 వచ్చును. తగ్గుదలయగు 0.4 ను ఈ 0.3 చే భాగింపగా 1.33 వచ్చును. నూటికి ఐదు పాళ్ల పొరపాటునకు మాత్రమే ఒప్పుకొన్నచో, తొమ్మిది చేలకు పట్టికలోని హద్దు 1.86. మన లెక్క హద్దు దాటలేదు. తగ్గుదల రుజువు కాలేదు. ఇట్టి చిన్న నమూనాల లెక్కకు మార్గము చూపినవాడు డబ్లిన్ నగరపు గిన్నెస్ బీరు కర్మాగార ఉద్యోగి గోసెట్. ఆయన 1908లో "స్టూడెంట్" అను మారుపేరుతో దీనిని ప్రకటించెను.

అయితే "రుజువు కాలేదు" అనగా "నష్టము లేదు" అని అర్థము కాదు. అదే సగటు, అదే హెచ్చుతగ్గు 36 చేలలో కనిపించినచో, 0.9 ని 6 చే భాగింపగా 0.15, 0.4 ను దానిచే భాగింపగా 2.67 వచ్చును. అప్పటి హద్దు 1.69 మాత్రమే. నష్టము రుజువైనట్లే.

బావి ప్రక్క చేలనో, బాట ప్రక్క చేలనో ఏరి కోసినచో ఏ లెక్కయు నిలువదు. చదరము మరీ చిన్నదైనను అంచు మొక్కలు లోనికి చేరి, దిగుబడి హెచ్చుగా కనబడునని సుఖాత్మే చూపిరి.

కావున పంచాయతీ సభ్యులు సగటుతో తృప్తిపడక, మూడు సంగతులు అడుగవలెను: చేలను ఎట్లు ఎన్నిరి? ఎన్ని చేలలో కోసిరి? చేనికి చేనికి తేడా ఎంత?